సామూహిక వ్యాజ్యములు: రాష్ట్ర న్యాయస్థానమా, ఫెడరల్ న్యాయస్థానమా?

ఒకే కారణము వలన, ఒకే ప్రతివాది చేతిలో పలువురు కొంచెము కొంచెముగా నష్టపోయినప్పుడు, వారిలో ఒకరో ఇద్దరో తమ తరఫునను, తమవంటి తక్కిన వారందరి తరఫునను వేయు దావాకు సామూహిక వ్యాజ్యమని పేరు. పత్రికలలోను, వకీళ్ల నోటను ‘క్లాస్ యాక్షన్’ అను మాటయే ఎక్కువగా వినవచ్చును. ఒక్కొక్కని నష్టము వకీలు రుసుమునకైన చాలనంత చిన్నదై, అందరి నష్టమును కూడినచో కోట్లకు చేరునదై యున్నచోటనే ఈ వ్యాజ్యమునకు ప్రయోజనము కలదు.

హైదరాబాదు పాతబస్తీకి పడమటి అంచున, మెహదీపట్నమునకు చేరువనున్న గుడిమల్కాపూర్ టోకు పూల మార్కెట్టును తలచుకొన్నచో ఈ సంగతి సులభముగా బోధపడును. తెల్లవారకముందే చేవెళ్ల, మొయినాబాదు వైపు నుండి బంతి, చామంతి, గులాబీ మూటలు దిగి, కాటాలపై తూగి, పొద్దెక్కకముందే నగరమందలి దుకాణములకును, గుడులకును, పెండ్లి పందిళ్లకును తరలిపోవు ఆ మార్కెట్టును ఆశ్రయించి బ్రదుకు చిల్లర వర్తకులు, వేరొక రాష్ట్రపు కంపెనీ అమ్మిన ఎలక్ట్రానిక్ కాటాలను తలా 12,000 రూపాయలకు కొనిరనియు, ఆ కాటాలన్నియు ఒకే లోపముచేత తూకము తప్పుగా చూపుచున్నవనియు ఊహింతము. పన్నెండు వేల కొరకు పని మానుకొని కోర్టు మెట్లెక్కువాడెవడు? ఎవడును ఎక్కడు. కంపెనీ ధైర్యమంతయు అదియే. రెండు వేలమంది వర్తకులు ఒక్క దావాతో ఎదుట నిలిచిన నాడు మాత్రమే ఆ ధైర్యము సడలును.

ఇట్టి దావాను ఏ న్యాయస్థానము వినవలెనను ప్రశ్న పైకి కేవలము సాంకేతికముగా కన్పట్టును గాని, నిజమునకు దావా గెలుపోటములు పెక్కుసార్లు దానిపైననే ఆధారపడియున్నవి. అమెరికా సంయుక్త రాష్ట్రములలో ఈ ప్రశ్న రెండు శతాబ్దములుగా నలుగుచున్నది. హైదరాబాదులో పుట్టిన సత్యం కంప్యూటర్స్ వ్యవహారము ఈ ప్రశ్నను తెలుగువారి యింటి ముంగిటికి తెచ్చినది.

పుట్టుక

ఇంగ్లండునందలి చాన్సరీ న్యాయస్థానములు, ఒక గ్రామపు రైతులందరికిని భూస్వామికిని నడుమ గల తగవును వేరువేరుగా నూరుసార్లు వినుటకు మారుగా ఒక్కసారి విని తేల్చు పద్ధతిని కల్పించినవి. ఆ పద్ధతి సముద్రములు దాటి రెండు దిక్కులకు సాగినది. అమెరికాలో అది 1938 నాటి ఫెడరల్ సివిల్ ప్రొసీజరు నిబంధనలలో 23వ నిబంధనయై, 1966లో సంస్కరింపబడి, నేటి రూపమును పొందినది. ఆ సంస్కరణము వలన, నష్టపరిహార దావాలలో, తానుగా తొలగిపోయెదనని తెలుపని ప్రతి బాధితుడును సమూహములో చేరినట్లే లెక్కింపబడును. భారతదేశమున అదే పద్ధతి 1908 నాటి సివిల్ ప్రొసీజరు కోడ్‌లో మొదటి ఆర్డరు 8వ రూలుగా నిలిచినది. సమాన ప్రయోజనము గల పలువురి పక్షమున, కోర్టు అనుమతితో ఒకరు దావా వేయవచ్చును. అందరికిని నోటీసు అందవలెను. తీర్పు అందరిని బంధించును. విత్తొకటియైనను అక్కడ మహావృక్షమైనది, ఇక్కడ పొదగా మిగిలినది. అక్కడ గెలిచిన సొమ్ములో భాగము తీసికొను ఒప్పందముపై వకీలు దావాను తన ఖర్చుతో నడపవచ్చును. ఇక్కడ బార్ కౌన్సిల్ నియమములు దానిని నిషేధించుచున్నవి. నష్టపరిహార దావాకు కోరిన మొత్తమును బట్టి కోర్టు రుసుము ముందుగా చెల్లింపవలసి యుండుటయు ఇక్కడి వాదికి మరియొక భారము.

అమెరికాలో తగవు

అమెరికాలో ప్రతి రాష్ట్రమునకును తన న్యాయస్థానములు, తన ఒప్పందపు చట్టము, తన వినియోగదారుల చట్టము కలవు. వానితోపాటు దేశమంతటను ఫెడరల్ న్యాయస్థానములు వేరుగా నున్నవి. రాష్ట్ర చట్టమునుబట్టి పుట్టిన తగవు సాధారణముగా రాష్ట్ర న్యాయస్థానమునకు చెందును. వాది ప్రతివాదులు వేరువేరు రాష్ట్రముల పౌరులైనపుడు మాత్రము, స్థానిక పక్షపాతము పనిచేయునేమోయను శంకచే, రాజ్యాంగము ఫెడరల్ న్యాయస్థానపు తలుపు తెరచి యుంచినది. ఆ తలుపు సన్ననిది. వాదులలో ఏ ఒక్కరును ప్రతివాదులలో ఏ ఒక్కరితోను ఒకే రాష్ట్రమునకు చెందియుండరాదని సుప్రీం కోర్టు 1806లో స్ట్రాబ్రిడ్జి కేసులో చెప్పెను. సామూహిక వ్యాజ్యములలో ముందు నిలిచిన వాదుల పౌరసత్వమును మాత్రమే చూచిన చాలునని 1921లో సడలింపు వచ్చినను, సమూహములోని ప్రతివాని నష్టమును చట్టము నిర్ణయించిన కనీస మొత్తమునకు చేరవలెనని 1973లో జాన్ కేసు తీర్పు మరల బిగించెను. ఆ కనీస మొత్తము తరువాత 75,000 డాలర్లయ్యెను. ఐదు డాలర్లో యాభై డాలర్లో పోయిన కోటిమంది ఆ లెక్కకు ఏనాడును అందరు గదా! కాబట్టి దేశవ్యాప్తమైన చిన్న నష్టముల దావాలన్నియు, విషయము ఎంత విశాలమైనను, ఏదో యొక రాష్ట్రమందలి స్థానిక కోర్టులోనే పడుచుండెను.

వాదుల పక్షపు వకీళ్లు దీనిని చక్కగా ఉపయోగించుకొనిరి. దేశమందలి వేల కౌంటీలలో తమకు అనుకూలమైనదానిని ఏరుకొని, దేశమందలి వినియోగదారులందరి తరఫున అక్కడ దావా వేయుచుండిరి. ఇల్లినాయ్ రాష్ట్రమందలి మాడిసన్ కౌంటీ ఇందుకు పేరుమోసినది. ఎన్నికలలో గెలిచి వచ్చిన స్థానిక న్యాయమూర్తి దూరపు కంపెనీపై తీర్పు చెప్పుట న్యాయమగునా యని కంపెనీలు అడుగుచుండెను. ఈ ఆక్షేపణ కేవలము స్వార్థము కాదు. బాధితులకు పది డాలర్ల తగ్గింపు కూపనును, వకీళ్లకు లక్షల డాలర్ల రుసుమును దక్కిన రాజీలు నిజముగానే జరిగినవి. తన రాష్ట్రముతో సంబంధమే లేని లావాదేవీలకు ఒక రాష్ట్రపు చట్టమును అంటగట్టరాదని 1985లో ఫిలిప్స్ పెట్రోలియం వర్సెస్ షట్స్ కేసులో సుప్రీం కోర్టు కాన్సాస్ న్యాయస్థానమును హెచ్చరింపవలసి వచ్చెను. ఐనను అదే తీర్పు, పరరాష్ట్రముల వాదులను నోటీసు నిచ్చి సమూహములో చేర్చుకొను అధికారము రాష్ట్ర న్యాయస్థానములకు కలదని స్థిరపరచెను.

చివరకు 2005 ఫిబ్రవరి 18వ తేదీన అధ్యక్షుడు జార్జి డబ్ల్యు. బుష్ సంతకముతో సామూహిక వ్యాజ్యముల న్యాయసమ్మతి చట్టము అమలులోనికి వచ్చెను. దానిననుసరించి, సమూహములో నూరుమందికి తక్కువ కాకుండ ఉండి, అందరి నష్టమును కలిపి 50 లక్షల డాలర్లు దాటి, వాదులలో ఒక్కరైనను ప్రతివాదులలో ఒక్కరికి భిన్నమైన రాష్ట్రమునకు చెందినవారైనచో, దావాను ఫెడరల్ న్యాయస్థానమునకు మార్పించు హక్కు ప్రతివాదికి కలుగును. తగవు స్థానికమైనచోట మాత్రము రాష్ట్ర న్యాయస్థానమునకే దానిని వదలునట్లు చట్టము లెక్క కట్టినది. ముఖ్య ప్రతివాదులు ఆ రాష్ట్రమువారేయై, సమూహములో మూడింట రెండు వంతులు గాని అంతకెక్కువ గాని అదే రాష్ట్ర పౌరులైనపుడు ఫెడరల్ న్యాయస్థానము ఆ దావాను స్వీకరింపరాదు. మూడింట ఒక వంతుకును రెండు వంతులకును నడుమ నున్నచో న్యాయమూర్తి తన విచక్షణ చొప్పున నిర్ణయించును. కూపను రాజీలపై అదుపును, రాజీ జరిగినపుడు రాష్ట్రాధికారులకు తెలుపవలెనను నియమమును ఆ చట్టమే విధించినది.

చట్టమును వ్యతిరేకించినవారి వాదములో లోతు కలదు. 1938 నాటి ఈరీ తీర్పు మొదలుకొని, పౌరసత్వ భేదము వలన తనవద్దకు వచ్చిన తగవులో ఫెడరల్ న్యాయమూర్తియు రాష్ట్ర చట్టమునే అనుసరింపవలెను. యాభై రాష్ట్రముల వినియోగదారుల దావా వచ్చినపుడు అతడు యాభై చట్టములను ముందుంచుకొని, ఇవి ఒకదానితో ఒకటి పొసగవు గనుక ఈ సమూహము ఒక్కటిగా విచారణకు తగదని తోసివేయవచ్చును. రాష్ట్ర న్యాయస్థానము చేతికి చిక్కనీయక పైకి తీసికొనిపోయి, పైనున్నవాడు విననని చెప్పినచో, బాధితునకు హక్కు మిగిలి ఉపాయము పోయినట్లగును. పేరునకు న్యాయస్థానపు మార్పిడియైనను, ఫలితమున దావాకు మరణము. ఈ వ్యాసకర్త దృష్టిలో 2005 చట్టమందు మేలైన భాగము మూడింట రెండు వంతుల నియమము. బాధితులెక్కడ గుమిగూడియున్నారో చూచి న్యాయస్థానమును నిర్ణయించుట అను సూత్రము దానిలో నున్నది. లోపమైన భాగము, దావాను స్వీకరించిన ఫెడరల్ న్యాయస్థానము దానిని నిలబెట్టు బాధ్యతను కూడ వహింపవలెనని చెప్పకపోవుట.

షేర్ల వ్యాజ్యములకు వేరు దారి కలదు. 1995, 1998 సంవత్సరములలో అమెరికా కాంగ్రెసు చేసిన రెండు చట్టములు షేర్ల మోసపు దావాలను క్రమముగా ఫెడరల్ న్యాయస్థానముల వైపునకు మరలించినవి. ఐనను, 1933 నాటి సెక్యూరిటీల చట్టము క్రింది సామూహిక దావాలను రాష్ట్ర న్యాయస్థానములు ఇంకను వినవచ్చునని 2018లో సయాన్ కేసులో సుప్రీం కోర్టు ఏకగ్రీవముగా తీర్పు చెప్పెను. తగవు నేటికిని సమసిపోలేదని ఇందువలన తెలియును.

సత్యం వ్యవహారము

2009 జనవరి 7వ తేదీ ఉదయమున సత్యం కంప్యూటర్ సర్వీసెస్ అధ్యక్షుడు బి. రామలింగరాజు తన డైరెక్టర్లకు వ్రాసిన లేఖ బయటికి వచ్చెను. లెక్కలలో చూపిన నగదు, బ్యాంకు నిల్వలలో 5,040 కోట్ల రూపాయలు లేనే లేవనియు, రావలసినదిగా చూపిన 376 కోట్ల వడ్డీ కల్పితమనియు, 1,230 కోట్ల అప్పు దాచబడినదనియు, బాకీదారులనుండి రావలసిన మొత్తము 490 కోట్ల మేరకు పెంచి చూపబడినదనియు అందులో ఒప్పుకోలు. నాలుగు పద్దులును కలిసి 7,136 కోట్లు. ఆ ఒక్కదినముననే షేరు విలువ నాలుగింట మూడు వంతులకు పైగా కూలిపోయెను. సికింద్రాబాదులో కార్యాలయము గల ఆ సంస్థ షేరును హైదరాబాదు మధ్యతరగతి వారు బంగారము వలె దాచుకొనిరి. కూతురి పెండ్లికని, కొడుకు చదువుకని, పదవీ విరమణానంతరము ఆసరాయని కొన్నవారు ఆ సాయంకాలమునకు చేతిలో కాగితమును మాత్రమే మిగుల్చుకొనిరి.

సత్యం షేర్లకు ప్రతిగా జారీయైన డిపాజిటరీ రసీదులు 2001 నుండి న్యూయార్క్ స్టాక్ ఎక్స్ఛేంజిలో అమ్ముడుపోవుచుండెను. కావున లేఖ బయటపడిన కొలది దినములకే అమెరికాలోని పలు ఫెడరల్ కోర్టులలో సామూహిక దావాలు పడెను. అక్కడి పద్ధతి ననుసరించి వానినన్నిటిని న్యూయార్క్ దక్షిణ జిల్లా ఫెడరల్ న్యాయస్థానమున న్యాయమూర్తి బార్బరా జోన్స్ ఎదుట ఒక్కచోటికి చేర్చిరి. అప్పటికి కంపెనీ టెక్ మహీంద్రా చేతికి వచ్చి మహీంద్రా సత్యమై యుండెను. 2011లో కంపెనీ 12.5 కోట్ల డాలర్లును, ఆడిటర్లైన ప్రైస్ వాటర్‌హౌస్ సంస్థలు 2.55 కోట్ల డాలర్లును చెల్లించుటకు రాజీపడిరి. ఆ యేడే న్యాయస్థానము రాజీని ఆమోదించెను. ఒక్కొక్క వాది విడిగా హైదరాబాదు కంపెనీపై దావా నడపుట అసాధ్యము. నష్టపోయిన వారందరును ఒక్కటిగా నిలుచుటచే రెండేండ్లలో సొమ్ము రాబట్టిరి.

ఐతే ఆ సొమ్ము ఎవరికి? న్యూయార్క్‌లో రసీదులు కొన్నవారికిని, అమెరికాలో నివసించుచు భారత ఎక్స్ఛేంజిలలో షేర్లు కొన్నవారికిని. అమెరికా షేర్ల చట్టము అమెరికాలో జరిగిన క్రయవిక్రయములకే వర్తించునని 2010 జూన్ 24న మారిసన్ వర్సెస్ నేషనల్ ఆస్ట్రేలియా బ్యాంకు కేసులో అక్కడి సుప్రీం కోర్టు తేల్చి చెప్పెను. బొంబాయి స్టాక్ ఎక్స్ఛేంజిలోనో, నేషనల్ స్టాక్ ఎక్స్ఛేంజిలోనో కొన్న హైదరాబాదు వానికి ఆ ఫెడరల్ తలుపు అంతటితో మూతపడెను. మోసము జరిగిన ఊరిలో ఉన్నవాడు దానికి దూరమై, పన్నెండువేల కిలోమీటర్లకు పైగా ఆవలనున్నవాడు పరిహారము పొందెను. ఈ తీర్పును అన్యాయమనుట కష్టము. ఒక దేశపు న్యాయస్థానము ప్రపంచపు తగవులన్నిటిని తలకెత్తుకొనజాలదు. అన్యాయమున్నది ఇక్కడి తలుపులు మూసియుండుటలో.

ఇక్కడ ఆ వాటాదారునకు ఏ మార్గములుండెను? నగరమందలి సిటీ సివిల్ కోర్టున దావా వేయబోయిన, షేర్ల మార్కెట్టు నియంత్రణ సంస్థయైన సెబీ పరిధిలోని విషయములపై సివిల్ కోర్టులకు అధికారము లేదని సెబీ చట్టమే అడ్డుపడును. సెబీ నేరస్థుని శిక్షించును, అక్రమలాభమును కక్కించును. ఫలానా వానికి ఫలానా మొత్తము నష్టమైనది, తెచ్చి ఇమ్మని చెప్పు పని దానిది కాదు. ఇన్వెస్టర్ల సంఘమొకటి దాదాపు మూడు లక్షలమంది పక్షమున సుప్రీం కోర్టును, జాతీయ వినియోగదారుల కమిషనును ఆశ్రయించినది. రెండుచోట్లను ఫలితము దక్కలేదు. ఇదే కాలమున, భారత ఎక్స్ఛేంజిలలో కొన్న షేర్లకై అబర్డీన్ అను బ్రిటిష్ పెట్టుబడి సంస్థ లండనులో దావా వేయగా, 2012లో కంపెనీ 6.8 కోట్ల డాలర్లకు రాజీపడినది. అనగా ఒకే షేరు, ఒకే ఎక్స్ఛేంజి, ఒకే మోసము. లండనులో వకీలును పెట్టుకొనగల సంస్థకు పరిహారము, మెహదీపట్నమున నిలుచున్న పింఛనుదారునకు శూన్యము.

నేరవిచారణ హైదరాబాదుననే జరిగినది. 2015 ఏప్రిల్ 9న ప్రత్యేక న్యాయస్థానము రామలింగరాజునకును, మరి తొమ్మండుగురకును ఏడేండ్ల కారాగారశిక్ష విధించినది. పై కోర్టు పిమ్మట శిక్ష అమలును నిలిపి బెయిలిచ్చినది. జరిమానాలు ఖజానాకు పోవును గాని వాటాదారుని ఇంటికి రావు. న్యాయము జరిగినదని పత్రికలు వ్రాసిన ఆ దినమున, నష్టపోయినవాని సంచిలో పడినది ఏమియు లేదని చెప్పుట కఠినమైనను సత్యము.

భోపాల్, విశాఖ

న్యాయస్థానమును గూర్చిన తగవే ప్రాణములపై తగవైన సందర్భము భోపాల్. 1984 డిసెంబరు 2వ తేదీ అర్ధరాత్రి అక్కడి యూనియన్ కార్బైడ్ కర్మాగారము నుండి విషవాయువు వెలువడిన పిమ్మట అమెరికన్ వకీళ్లు తమ దేశమున సామూహిక దావాలు వేసిరి. 1985లో పార్లమెంటు ప్రత్యేక చట్టము చేసి బాధితులందరి పక్షమున వాదించు హక్కును కేంద్రప్రభుత్వమునకు కట్టబెట్టినది. కేంద్రప్రభుత్వము న్యూయార్క్ ఫెడరల్ న్యాయస్థానమునకు పోయి, ఇంతటి దావాను నడపుటకు భారత న్యాయవ్యవస్థ చాలదని వాదించెను. యూనియన్ కార్బైడ్ కంపెనీ, భారత న్యాయస్థానములు సమర్థములని వాదించెను. 1986 మే 12న న్యాయమూర్తి జాన్ కీనన్ కంపెనీ వాదమునే అంగీకరించి దావాను భారతదేశమునకు పంపివేసెను. తన దేశపు కోర్టులు చాలవని తన ప్రభుత్వమే పరదేశమున చెప్పుకొనవలసి వచ్చిన ఆ ఘట్టమును చదువునపుడు ఏ భారతీయునకైనను మనసు కలుక్కుమనక మానదు. 1989 ఫిబ్రవరిలో సుప్రీం కోర్టు ఎదుట 47 కోట్ల డాలర్లకు రాజీ జరిగినది. బాధితుల సమ్మతి అడుగలేదు. వారి పక్షమున ప్రభుత్వమే వాది.

తెలుగునేలపై 2020 మే 7వ తేదీ తెల్లవారుజామున విశాఖపట్టణమందలి ఎల్.జి. పాలిమర్స్ కర్మాగారము నుండి స్టైరీన్ ఆవిరి వెలువడి 12 మంది మరణించినపుడు మరియొక దృశ్యము. ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఆ దినముననే తనంతతాను విచారణకు పూనుకొనెను. మరునాడు జాతీయ హరిత ట్రిబ్యునలు తానును పూనుకొని 50 కోట్ల రూపాయలు జమ చేయుమని కంపెనీని ఆజ్ఞాపించెను. విషయము సుప్రీం కోర్టు వరకును పోయెను. ట్రిబ్యునలుకు తనంతతాను కేసు చేపట్టు అధికారము కలదా యను సందేహము 2021లో గాని సుప్రీం కోర్టు వేరొక కేసులో తీర్చలేదు. తలుపులు మూసియుండుట భోపాల్ నాటి బాధ. అన్ని తలుపులును ఒక్కసారి తెరచుకొనుట విశాఖ నాటి చిక్కు. రెండవది మొదటిదానికన్న చాల మేలు.

మన న్యాయస్థానములు

భారతదేశమున రాష్ట్ర, ఫెడరల్ న్యాయస్థానములను రెండు శ్రేణులు లేవు. 1950కి పూర్వము నిజాము రాజ్యమునకు తన న్యాయవ్యవస్థ తనకుండెను. మూసీ ఒడ్డున 1920లో ప్రారంభమైన హైకోర్టు భవనము ఆ నాటిదే. రాజ్యాంగము అమలులోనికి వచ్చిన పిమ్మట అదే భవనమందలి న్యాయమూర్తులు పార్లమెంటు చట్టమును, రాష్ట్ర చట్టమును ఒకే పీఠముపై నుండి విచారించుచున్నారు. ఐనను ‘రాష్ట్రమా, కేంద్రమా’ యను ప్రశ్న మనలను విడువలేదు. కమిషన్ల రూపమునను, ట్రిబ్యునళ్ల రూపమునను అది మరల ప్రవేశించినది.

మొదట చెప్పిన కాటాల ఉదాహరణమునకు వత్తము. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టము చొప్పున, స్వయముపాధికై వస్తువు కొన్న చిల్లర వర్తకుడు వినియోగదారుడే; తాను నివసించు చోటనే అతడు ఫిర్యాదు చేయవచ్చును; 35వ సెక్షను క్రింద వినియోగదారుల కమిషను అనుమతితో తనవంటి వారందరి పక్షమునను చేయవచ్చును. చెల్లించిన మూల్యము 50 లక్షల లోపైనచో జిల్లా కమిషను, 2 కోట్ల వరకు రాష్ట్ర కమిషను, ఆపైన ఢిల్లీ యందలి జాతీయ కమిషను వినవలెనని 2021 నాటి నియమములు. గుడిమల్కాపూర్ వర్తకుడొక్కడు తన 12,000 రూపాయల కొరకు హైదరాబాదు జిల్లా కమిషనుకు పోవును. కాని పాత చట్టము క్రింద 2016లో అంబరీష్ కుమార్ శుక్లా కేసులో జాతీయ కమిషను విస్తృత ధర్మాసనము, సామూహిక ఫిర్యాదులో అందరి విలువను కూడి అధికార పరిధిని నిర్ణయింపవలెనని తీర్పు చెప్పినది. ఆ లెక్కయే పట్టినచో రెండు వేలమంది వర్తకుల మొత్తము 2 కోట్ల 40 లక్షలగును. ఒంటరిగా పోయినవానికి నడకదూరమున దొరకు న్యాయము, కలిసికట్టుగా పోయినవారికి ఢిల్లీ రైలెక్కినగాని దొరకదు. అమెరికాలో చిల్లర నష్టములను కూడి 50 లక్షల డాలర్ల లెక్కతో దావాను పైకి మరలించిన చట్టమును, మన కమిషను తీర్పును ప్రక్కప్రక్కన నిలిపి చూచినచో, రెండును ఒకే పొరపాటును చేసినట్లు నాకు తోచుచున్నది. సొమ్ము పెద్దదగుట వలన తగవు దూరపుది కాదు. వర్తకులందరును ఒకే మార్కెట్టును ఆశ్రయించినవారైనపుడు, తూకము తప్పిన కాటా ఆ మార్కెట్టుననే యున్నపుడు, సాక్షులును అక్కడివారేయైనపుడు, ఆ తగవు ఆ నగరపు కమిషనుదే కావలెను.

దీనికి విరుద్ధమైన నీతిని డిపాజిటర్ల కథ బోధించును. 2001లో కృషి బ్యాంకును, 2002లో చార్మినార్ బ్యాంకును కూలినపుడు పొదుపు పోగొట్టుకొన్న కుటుంబములు హైదరాబాదున నేటికిని కలవు. ప్రైవేటు డిపాజిట్ సంస్థలను అదుపు చేయుటకై ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ శాసనసభ 1999లోనే ఒక చట్టము చేసి, సంస్థ ఆస్తులను జప్తు చేసి ప్రత్యేక న్యాయస్థానము ద్వారా డిపాజిటర్లకు పంచు మార్గమును ఏర్పరచెను. ఇట్టి చట్టములు చేయు అధికారము రాష్ట్రములకు లేదు, అది కేంద్రమునకే చెందునను వాదమును 2011లో కె.కె. భాస్కరన్ కేసున సుప్రీం కోర్టు తోసిపుచ్చెను. అది సరియైన తీర్పు. పేదవాని పొదుపు కొల్లగొట్టబడినచోట చేయి చాచగల ప్రభుత్వము సమీపమున నుండవలెను. కాని విజయవాడ కేంద్రముగా నడచిన అగ్రిగోల్డ్ అను డిపాజిట్ సంస్థ కూలినపుడు బాధితులు సుమారు 32 లక్షలమంది, ఆస్తులును డిపాజిటర్లును పలు రాష్ట్రములలో. హైదరాబాదులోని ఉమ్మడి హైకోర్టు ప్రజాప్రయోజన వ్యాజ్యము క్రింద ఆస్తుల వేలమును స్వయముగా పర్యవేక్షింపవలసి వచ్చెను. పిమ్మట ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము 2019లో 10,000 రూపాయల లోపు, 2021లో 20,000 రూపాయల లోపు డిపాజిటర్లకు తన ఖజానా నుండి చెల్లించినది. ఆ సాయము ఆ రాష్ట్రపు వారికే. ఒకే ఏజెంటు చేతికి ఒకే కిస్తీ కట్టిన ఇద్దరు, సరిహద్దుకు ఈవలనొకరు ఆవలనొకరు నిలిచిన కారణముచే వేరువేరు గతులు పొందిరి. నష్టము సరిహద్దు దాటినచోట పంపకము చేయు చేయి ఒక్కటి కావలెను.

సత్యం నేర్పిన పాఠము 2013 నాటి కంపెనీల చట్టమందు 245వ సెక్షనైనది. అప్పటికే జె.జె. ఇరానీ కమిటీ 2005లో దీనిని సూచించి యుండెను. సత్యం పతనము దానికి వేగము నిచ్చెను. కంపెనీపైనను, డైరెక్టర్లపైనను, ఆడిటర్లపైనను, ఆడిట్ సంస్థపైనను వాటాదారులుగాని డిపాజిటర్లుగాని కలిసి జాతీయ కంపెనీ లా ట్రిబ్యునలు ఎదుట పరిహారము కోరవచ్చును. బ్యాంకులకు ఈ సెక్షను వర్తింపకుండుట పెద్దలోపము. ట్రిబ్యునలు 2016 జూన్ 1న ఏర్పడినది. ఎందరు కలువవలెనను లెక్కను 2019 మేలో నియమములు పూర్తిగా తేల్చినవి. మొత్తము సభ్యులలో నూటికి అయిదుగురుగాని, నూర్గురుగాని, ఏది తక్కువైన అంతమంది. లేదా ఎక్స్ఛేంజిలో నమోదైన కంపెనీలో నూటికి రెండు వంతుల వాటా గలవారు. ట్రిబ్యునలు కేంద్రపుదైనను దాని బెంచీలు రాష్ట్రములలో నున్నవి. ‘రాష్ట్రమా, ఫెడరలా’ యను ప్రశ్నకు మనదేశము అప్రయత్నముగా కనుగొన్న సమాధానము ఇదియే: చట్టమొకటి, అధికారమొకటి, తలుపులు మాత్రము ఊరూరను. అమెరికావారు రెండు శ్రేణుల నడుమ తగవులాడుచు దీనిని అందుకొనలేకపోయిరి. మనము దీనిని చేతిలో నుంచుకొని వాడుకొనలేకున్నాము. చట్టమై ఇన్నేండ్లు గడచినను 245వ సెక్షను క్రింద వచ్చిన అర్జీలు వ్రేళ్లపై లెక్కింపదగినవి.

హైదరాబాదు బెంచి నగరపు తూర్పు అంచున నాగోలు సమీపమందలి బండ్లగూడ కార్పొరేట్ భవనమున నున్నది. గుడిమల్కాపూర్ నుండి పోవువారు నగరమును ఈ చివర నుండి ఆ చివరకు దాటవలెను, సముద్రము దాటనక్కరలేదు. 245వ సెక్షను అర్జీని ఎన్.సి.ఎల్.టి.-9 అను ఫారములో వేయవలెను. వ్యాజ్యపు ఖర్చులను, ట్రిబ్యునలు మంజూరు చేసినచో, ఎవరును అడుగని డివిడెండ్లు చేరు ఇన్వెస్టర్ల విద్య, రక్షణ నిధి నుండి తిరిగి పొందవచ్చునని అదే చట్టపు 125వ సెక్షను చెప్పుచున్నది.